హార్మోను పరీక్షలు - సంఖ్య చెప్పు సాక్ష్యమును ఎంతవరకు నమ్మవలెను?

నేటి మానవుడు సంఖ్యను నమ్మినంతగా మరి దేనినీ నమ్మడు. వెనుకటి కాలమున హకీములు, వైద్యులు నాడి పట్టి, నాలుక చూచి, రోగి చెప్పుకొన్న బాధ విని రోగమును నిర్ణయించెడివారు. నేడు చిన్న పట్టణములలో సైతము లాబొరేటరీలు వెలసినవి. ఉదయము రక్తమిచ్చి వచ్చినచో సాయంత్రమునకు అచ్చువేసిన కాగితము చేతికి వచ్చును. దానిపై ఒక సంఖ్య, ఆ సంఖ్య ప్రక్కన ఉండవలసిన హద్దులు. సంఖ్య హద్దు దాటినదని తెలిసిన నాటి నుండి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

ఈ సంఖ్యలలో అత్యధిక భాగము నిజమే చెప్పును. వాటి వలన ఎన్నో ప్రాణములు నిలిచినవి, నిలుచుచున్నవి. ఐనను యంత్రము చెడిపోకుండగనే, రక్తపు సీసాలు తారుమారు కాకుండగనే, లాబొరేటరీ ఉద్యోగి ఏ పొరపాటూ చేయకుండగనే ఒక్కొక్కప్పుడు హార్మోను పరీక్ష తప్పు సంఖ్యను ఇచ్చును. అట్లు ఎందుకు జరుగును, దాని వలన ఎంత నష్టము వాటిల్లును, దానిని ఎట్లు పసిగట్టవచ్చును అను విషయములను ఈ వ్యాసములో వివరింపదలచినాము. మేము వైద్యులము కాము. కాని రక్తపరీక్ష చేయించుకొనని ఇల్లు అరుదైన ఈ రోజులలో, పరీక్ష అనగా ఏమో తెలిసికొనుట వైద్యవిద్యార్థులకే పరిమితమైన విషయము కాదని మా అభిప్రాయము.

అత్యల్ప పదార్థమును తూచిన విధము

'హార్మోను' అను పేరును 1905లో ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ ప్రచారములోనికి తెచ్చినాడు. ప్రేరేపించుట అను అర్థము గల గ్రీకు మాట నుండి అది పుట్టినది. శరీరములోని వినాళ గ్రంథులు ఈ పదార్థములను రక్తములోనికి విడుదల చేయును. అవి దూరముననున్న అవయవములకు వార్తలు మోసికొనిపోవును. పెరుగుదల, గర్భధారణ, నిద్ర, గుండె వేగము, శరీరపు వేడి అన్నియు వీటి అదుపులోనివే.

అయితే వీటి పరిమాణము అత్యల్పము. థైరాయిడ్ గ్రంథి నుండి వెలువడు థైరాక్సిన్ అను హార్మోనులో స్వేచ్ఛగా తిరుగు భాగము, నూరు మిల్లీలీటర్ల రక్తరసములో సుమారు ఒక నానోగ్రాము మాత్రమే. నానోగ్రాము అనగా గ్రాములో వంద కోట్లవ వంతు. ఇంత స్వల్పమైన పదార్థమును, వేలకొలది ఇతర పదార్థములు కలిసియున్న రక్తములో ఏ త్రాసుతో తూచగలము?

ఈ చిక్కును విప్పినవారు న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో పనిచేసిన సాలమన్ బెర్సన్, రోజలిన్ యాలో అను ఇద్దరు శాస్త్రజ్ఞులు. మధుమేహ రోగులకు ఎక్కించిన ఇన్సులిన్, రోగుల రక్తములో ఊహించినదాని కంటె ఎక్కువ సేపు నిలిచియుండుటను వారు గమనించినారు. రోగి శరీరము ఆ ఇన్సులిన్‌ను పరాయిదానిగా ఎంచి ప్రతిరక్షకములను తయారుచేయుచున్నదనియు, అవి ఇన్సులిన్‌ను పట్టి ఉంచుచున్నవనియు వారు గ్రహించినారు. ఇన్సులిన్ వంటి చిన్న పదార్థమునకు ప్రతిరక్షకములు పుట్టునను మాటను నాటి పండితులు నమ్మలేదు. వారి వ్యాసమును పత్రికలు మొదట త్రిప్పి పంపినవి. చివరకు 1956లో అది ప్రచురింపబడినది. ఆ ప్రతిరక్షకములనే సాధనముగా చేసికొని రక్తములోని హార్మోనును కొలుచు పద్ధతిని వారు తరువాత రూపొందించినారు. దానినే రేడియో ఇమ్యునో అస్సే అని పిలిచినారు. దానిపై పేటెంటు తీసికొనక లోకమునకు ఉచితముగా ఇచ్చినారు. బెర్సన్ 1972లో మరణించినాడు. 1977లో యాలోకు నోబెల్ బహుమతి లభించినది. ఆనాడు తమ వ్యాసమును తిరస్కరించిన లేఖను ఆమె తన నోబెల్ ఉపన్యాసములో చేర్చుట గమనింపదగిన విషయము.

పరీక్షలు రెండు విధములు

నేడు రేడియోధార్మిక పదార్థమునకు బదులు కాంతినిచ్చు రసాయనములను ఎక్కువగా వాడుచున్నారు. మూలసూత్రము మాత్రము అదే. ఈ పరీక్షలను రెండు తెగలుగా విభజింపవచ్చును.

మొదటిది పోటీ పద్ధతి. ఒక సభలో నూరు కుర్చీలు మాత్రమే ఉన్నవనుకొందము. ఎర్రటోపీ ధరించిన నూరుగురిని మనమే లోపలికి పంపినాము. వారితో పాటు టోపీ లేని జనము కూడ లోపలికి వచ్చినారు. టోపీ లేనివారు ఎంత ఎక్కువగా వచ్చిన, కుర్చీ దొరకిన ఎర్రటోపీలు అంత తగ్గును. కూర్చున్న ఎర్రటోపీలను లెక్కించి, బయటి జనము ఎందరు వచ్చినదీ అంచనా కట్టవచ్చును. ఇందు కుర్చీలు ప్రతిరక్షకములు, ఎర్రటోపీలవారు గుర్తు వేసిన హార్మోను, టోపీ లేనివారు రోగి రక్తములోని హార్మోను. థైరాక్సిన్, కార్టిసాల్ వంటి చిన్న హార్మోనులను ఇట్లు కొలుచుదురు. వెలుగు తగ్గినచో హార్మోను ఎక్కువ అని అర్థము.

రెండవది జంట పద్ధతి. ఇందు ఒక ప్రతిరక్షకము హార్మోనును ఒక ప్రక్క పట్టి గోడకు అదిమి ఉంచును. దీపము చేతబట్టిన రెండవ ప్రతిరక్షకము దానిని మరొక ప్రక్క పట్టుకొనును. మిగిలినవానిని కడిగివేసి, గోడపై నిలిచిన దీపములను లెక్కింతురు. వెలుగు ఎంత ఎక్కువైన హార్మోను అంత ఎక్కువ. పీయూష గ్రంథి నుండి వెలువడు టి.ఎస్.హెచ్., గర్భవతుల రక్తములో కనిపించు హెచ్.సి.జి., పాల ఉత్పత్తికి సంబంధించిన ప్రొలాక్టిన్ వంటి పెద్ద హార్మోనులను ఈ విధముగా కొలుచుదురు.

ఇచ్చట ఒక ముఖ్య విషయమును గుర్తుంచుకొనవలెను. యంత్రము హార్మోనును చూడదు. అది చూచునది వెలుగును మాత్రమే. వెలుగును బట్టి హార్మోను ఇంత ఉండవలెనని ఊహించును. ఆ వెలుగును హార్మోను కాక మరియొకటి పెంచినను, తగ్గించినను యంత్రమునకు తెలియదు.

లేని గర్భమును చూపిన పరీక్ష

పరీక్షలలో వాడు ప్రతిరక్షకములను ఎక్కువగా ఎలుకల వంటి జంతువుల నుండి తయారుచేయుదురు. కొందరి రక్తములో ఆ జంతు ప్రతిరక్షకములనే పట్టుకొను ప్రతిరక్షకములు సహజముగా ఉండును. జంతువులతో సహవాసము వలన గాని, కొన్ని చికిత్సల వలన గాని అవి పుట్టవచ్చును. కీళ్ళవాతపు రోగులలో కనిపించు రుమటాయిడ్ ఫ్యాక్టరు అను పదార్థము కూడ ఇట్టి పనియే చేయగలదు. జంట పద్ధతిలో ఇవి ఒక చేతితో గోడనున్న ప్రతిరక్షకమును, మరొక చేతితో దీపము పట్టిన ప్రతిరక్షకమును పట్టుకొని రెండింటి నడుమ వంతెన కట్టును. నడుమ హార్మోను లేదు, కాని దీపము వెలుగుచున్నది. యంత్రము హార్మోను ఉన్నదని వ్రాయును.

దీని ఫలితము ఎంత దారుణముగా ఉండగలదో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో ఒక యువతికి జరిగిన అన్యాయము తెలుపుచున్నది. 1998లో ఆమె వయస్సు 22 సంవత్సరములు. ఆమె రక్తములో హెచ్.సి.జి. ఉన్నట్లు పరీక్షలో తేలినది. గర్భము లేదు. గర్భము లేకయే ఈ హార్మోను కనిపించినచో, మావి కణముల నుండి పుట్టు ఒక అరుదైన క్యాన్సరును వైద్యులు శంకింతురు. అట్లే శంకించి ఆమెకు కీమోథెరపీ ఇచ్చినారు. సంఖ్య దిగలేదు. గర్భాశయమును తొలగించినారు. అప్పటికిని సంఖ్య నిలిచియే ఉన్నది. ఊపిరితిత్తిలో కొంత భాగమును కూడ తొలగించినారు. తుదకు తెలిసినదేమనగా, ఆమెకు క్యాన్సరు లేదు, ఎన్నడునూ లేదు. ఆమె రక్తములోని ప్రతిరక్షకములే యంత్రమును భ్రమింపజేసినవి. 2001లో న్యాయస్థానపు జ్యూరీ ఆమె కుటుంబమునకు సుమారు ఒక కోటి అరవై లక్షల డాలర్ల పరిహారము నిర్ణయించినది. పోయిన గర్భాశయమునకు ఏ పరిహారము సరితూగును?

ఆమె ఒక్కతెయే కాదు. 2000వ సంవత్సరములో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 'లాన్సెట్' పత్రికలో ఇట్టి 12 మంది స్త్రీల చరిత్రలను ప్రకటించినారు. వారిలో అత్యధికులు అనవసరముగా శస్త్రచికిత్సకో, కీమోథెరపీకో గురియైనవారే. ఈ పొరపాటును బయటపెట్టుటకు కావలసినది బహు సులభమైన ఉపాయము. ఆ ప్రతిరక్షకములు పెద్దవి, మూత్రపిండముల జల్లెడ గుండా దిగి మూత్రములోనికి రాలేవు. హెచ్.సి.జి. మాత్రము వచ్చును. రక్తములో హార్మోను తగినంత ఉన్నట్లు కనిపించి, మూత్రములో ఏమియు కనిపించకున్నచో, రక్తపరీక్షనే శంకింపవలెను.

జుట్టు కొరకు మ్రింగిన మాత్ర

రెండవ చిక్కు మన ఇండ్లకు మరింత దగ్గరది. బయోటిన్ అనునది బి విటమినులలో ఒకటి. జర్మను భాషలో జుట్టును, చర్మమును తెలుపు మాటల తొలి అక్షరమును బట్టి దానిని వెనుక 'విటమిన్ హెచ్' అని కూడ పిలిచినారు. పెద్దవారికి దినమునకు 30 మైక్రోగ్రాములు చాలును. ఆహారములోనే అది లభించును. కాని జుట్టు రాలుటకు, గోళ్ళు విరుగుటకు అమ్ముచున్న మాత్రలలో 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు కూడ ఉండును. 10 మిల్లీగ్రాములనగా దినమునకు అవసరమైన దానికి మూడు వందల రెట్ల కంటె ఎక్కువ. మందుల చీటీ లేకుండగనే దుకాణములలో దొరకుచున్నందున, వీటిని వాడుచున్నట్లు వైద్యునికి చెప్పవలెనను ఆలోచనయే చాలమందికి కలుగదు.

ఈ అధిక మోతాదు సాధారణముగా శరీరమునకు హాని చేయదు, కాని పరీక్షను చెరచును. కారణమేమనగా, పలు యంత్రములలో ప్రతిరక్షకమును గోడకు తగిలించుటకు బయోటిన్‌నే కొక్కెముగా వాడుదురు. గోడపై స్ట్రెప్టావిడిన్ అను పదార్థము పూయబడియుండును. ఆ రెండింటి బంధము ప్రకృతిలో అత్యంత దృఢమైన వాటిలో ఒకటి. మాత్రల నుండి వచ్చిన బయోటిన్ రక్తములో నిండియున్నచో, గోడపై ఉన్న స్థలములన్నింటిని అదియే ఆక్రమించును. తగులుకొనవలసిన ప్రతిరక్షకములు చోటు లేక కడుగు నీటిలో కొట్టుకొనిపోవును. వెలుగు తగ్గును.

ఇప్పుడు పై రెండు పద్ధతులను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. జంట పద్ధతిలో వెలుగు తగ్గినచో హార్మోను తక్కువ అని అర్థము, కావున టి.ఎస్.హెచ్. తక్కువగా కనిపించును. పోటీ పద్ధతిలో వెలుగు తగ్గినచో హార్మోను ఎక్కువ అని అర్థము, కావున థైరాక్సిన్ ఎక్కువగా కనిపించును. టి.ఎస్.హెచ్. తక్కువై థైరాక్సిన్ ఎక్కువగుట థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుచున్నదనుటకు గుర్తు. దానికి కారణమగు గ్రేవ్స్ వ్యాధిని నిర్ధారించు ప్రతిరక్షక పరీక్ష కూడ కొన్ని యంత్రములలో పోటీ పద్ధతిదే. అదియు ఉన్నట్లే చూపును. ఇట్లు మూడు పరీక్షలు ఏకకంఠముతో, ఆరోగ్యవంతునికి లేని వ్యాధిని అంటగట్టును. 2016లో జర్మనీ వైద్యులు, పుట్టుకతో వచ్చిన జీవక్రియా లోపములకు అధిక మోతాదులో బయోటిన్ వాడుచున్న ఆరుగురు పిల్లలలో సరిగా ఇట్లే జరిగినదని ప్రకటించినారు.

2017 నవంబరులో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ పర్యవేక్షణ సంస్థ ఈ విషయమై హెచ్చరిక జారీచేసినది. గుండెపోటును గుర్తించుటకు చేయు ట్రోపోనిన్ పరీక్ష హార్మోను పరీక్ష కాకున్నను అదే జంట పద్ధతిపై ఆధారపడినది. అధికముగా బయోటిన్ వాడిన ఒక రోగికి ట్రోపోనిన్ తక్కువగా చూపబడినదనియు, ఆ రోగి మరణించినాడనియు ఆ హెచ్చరికలో తెలిపినారు. ఆ తరువాత కొన్ని కంపెనీలు తమ పరీక్షలను బయోటిన్ చెరచని విధముగా మార్చినవి. కాని అన్ని చోట్ల, అన్ని యంత్రములు మారలేదు.

మరికొన్ని మోసములు

హార్మోను మితిమీరి ఉన్నప్పుడు కూడ జంట పద్ధతి తడబడును. పీయూష గ్రంథిలో పెద్ద కంతి పెరిగి ప్రొలాక్టిన్ విపరీతముగా ఉత్పత్తియైనచో, గోడ ప్రక్కనున్న చేతులను ఒక హార్మోను కణము, దీపపు చేతులను వేరొక హార్మోను కణము పట్టుకొనును. రెండు చేతులు ఒకే కణముపై కలియవు. కావున సంఖ్య స్వల్పముగానే కనిపించును. ప్రొలాక్టిన్ కంతి అని తెలిసినచో అది తరచుగా మాత్రలతోనే కుంచించుకొనిపోవును. తెలియనిచో పుర్రెలో శస్త్రచికిత్స వరకు పోవచ్చును. రక్తరసమును నూరు రెట్లు పలుచన చేసి తిరిగి పరీక్షించినచో నిజము బయటపడును.

మరికొందరిలో ప్రొలాక్టిన్ వారి ప్రతిరక్షకములతోనే కలిసి పెద్ద ముద్దగా రక్తములో నిలిచిపోవును. అది శరీరముపై అంతగా పనిచేయదు, కాని సంఖ్యను పెంచును. ఇక ప్రెడ్నిసొలోన్ అను మందు రూపములో కార్టిసాల్‌ను పోలియుండుటచే, ఆ మందు వాడువారిలో కార్టిసాల్ ఎక్కువగా ఉన్నట్లు పరీక్ష చూపవచ్చును.

ఏమి చేయవలెను?

ఇట్టి పొరపాట్లు అరుదు. పరీక్షలనే నమ్మరాదని దీని భావము కాదు. థైరాయిడ్ మందును ఎవరికి వారే మానివేయుట మహాపాయము. కావలసినది అవిశ్వాసము కాదు, విచారణ. రోగి శరీరము ఒకటి చెప్పి, కాగితము మరొకటి చెప్పుచున్నప్పుడు ఆగి ఆలోచింపవలెను. గుండెదడ లేదు, చేతులు వణకుట లేదు, బరువు తగ్గలేదు, కాని కాగితము మాత్రము థైరాయిడ్ అతిగా ఉన్నదని చెప్పుచున్నది. అప్పుడు వైద్యుని వినయముగా అడుగవచ్చును: ఈ పరీక్షను వేరొక పద్ధతిలో పనిచేయు యంత్రముపై మరల చేయించవచ్చునా?

లాబొరేటరీవారికి ఇందుకు పెక్కు మార్గములు కలవు. రక్తరసమును పలుచన చేసి, సంఖ్య ఆ మేరకే తగ్గుచున్నదో లేదో చూడవచ్చును. అడ్డు తగులు ప్రతిరక్షకములను ముందుగా బంధించి పరీక్షింపవచ్చును. పాలిఎథిలీన్ గ్లైకాల్ అను రసాయనముతో ప్రొలాక్టిన్ ముద్దలను అడుగునకు దింపవచ్చును. ప్రతిరక్షకములతో నిమిత్తము లేక అణువుల బరువును బట్టి కొలుచు మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి కొన్ని పెద్ద కేంద్రములలో ఉన్నది.

మన వంతుగా చేయవలసినది రెండే పనులు. మ్రింగు ప్రతి మాత్రను, అది విటమినే ఐనను, వైద్యునికిని లాబొరేటరీవారికిని చెప్పవలెను. జుట్టు కొరకు బయోటిన్ వాడువారు థైరాయిడ్ పరీక్షకు కనీసము రెండు దినముల ముందు దానిని ఆపవలెనని నిపుణుల సలహా. వైద్యుడు వ్యాధి నిమిత్తము అధిక మోతాదులో ఇచ్చినదైనచో అది చాలదు. ఎప్పుడు, ఎంతకాలము ఆపవలెనో ఆయననే అడుగవలెను.

సాక్షిని విచారించు సంప్రదాయము

ఈ జాగ్రత్త మనకు క్రొత్తది కాదు. హదీసులను సేకరించిన విద్వాంసులు ఒక మాట విన్నంతనే స్వీకరింపలేదు. ఎవరి నోట వచ్చినది, అతడు ఎవరి వలన విన్నాడు, అతని జ్ఞాపకశక్తి ఎట్టిది అని ప్రతి రావీని విచారించినారు. ఒకే మాట పలువురి ద్వారా వచ్చినను, ఆ దారులన్నియు పైన ఒకే రావీ వద్ద కలిసినచో, అక్కడ దానిని ఒక్కని సాక్ష్యముగానే లెక్కించినారు. పైన చెప్పిన మూడు థైరాయిడ్ పరీక్షలు ముగ్గురు సాక్షులవలె కనిపించును గాని, ముగ్గురును ఒకే గోడకు ఆనుకొని నిలిచినవారు. ఒకే పద్ధతిలో పదిసార్లు చేసిన పరీక్షయు అట్టిదే. పది కాగితములు పదిమంది సాక్షులు కావు.

మహావైద్యుడు అబూబక్ర్ అల్‌రాజీ, గ్రీకు వైద్యుడైన జాలీనూస్‌ను గురువుగా గౌరవించుచునే అతని గ్రంథములపై తన సందేహములను ఒక పుస్తకముగా వ్రాసినాడు. గౌరవమునకు, ప్రశ్నకు వైరము లేదని ఆయన వలన నేర్చుకొనవచ్చును. మన భాషలోని 'పరీక్ష' అను మాటయే ఈ సత్యమును చెప్పుచున్నది. 'పరి' అనగా చుట్టును, 'ఈక్ష' అనగా చూచుట. నలువైపుల నుండి చూచినదే పరీక్ష. ఒక వైపు నుండి చూచినది చూపు మాత్రమే. రేపు మన విద్యార్థులలో కొందరు లాబొరేటరీలలో, కొందరు ఆసుపత్రులలో పనిచేయుదురు. తక్కినవారు తమ తల్లిదండ్రుల రిపోర్టులను చేతబట్టి వైద్యుని ఎదుట కూర్చుందురు. కాగితముపై సంఖ్యను చదువునప్పుడు, ఆ సంఖ్య వెనుకనున్న మనిషిని కూడ చూచు అలవాటు వారందరికిని ఉండవలెనని మేము కోరుచున్నాము.